చేతికివ్వని కార్డులు

జపాన్‌కి బయల్దేరే ముందురోజు నేను చేసిన పని దోసెల పిండి రుబ్బడం. వారానికి సరిపడా. గ్రైండర్ తిరుగుతుంటే మా అత్త సొన్నమ్మ వంటింటి గడప దగ్గర అనపకాయలు ఒలుస్తూ, నాతో కాకుండా, తనతోనూ కాకుండా, మధ్యలో ఎవరో ఉన్నట్టు వాళ్ళకి చెప్పింది. "పేకాటకి దేశం దాటి పోయే ఆడదాన్ని ఈ కండ్లతో చూస్తా ఉండాను. ఇంకేం చూడాల్నో."

పేకాట కాదత్తా అని ఎన్నిసార్లు చెప్పానో. పేకముక్కలు అందరికీ అవే. ఈ ఆటలో ఎవరి కట్ట వాళ్ళే తయారు చేసుకోవాలి. వేల కార్డుల్లోంచి మనకి కావలసినవి ఏరుకోవాలి. ఒక్కో కార్డు మీద ఒక జంతువో, వానో, గాలో ఉంటుంది, అది ఏం చెయ్యగలదో కింద రాసి ఉంటుంది. వాటితో ఎదుటివాళ్ళ కోట పడగొట్టాలి. ఆట పేరు వైల్డ్‌టైడ్. నా కట్టలో ముఖ్యమైన కార్డు ముసలి తాబేలు. దెబ్బలు తింటూనే ఉంటుంది, చావదు. తిన్న దెబ్బలన్నీ దాచుకుని ఆఖర్న ఒక్కసారే తిరిగిచ్చేస్తుంది. మగపిల్లలెవరూ దాన్ని పెట్టుకోరు, మరీ స్లో అంటారు. నాకు మాత్రం దాని పద్ధతి మొదటిసారి చదవగానే అర్థమైంది.

హేమంత్‌కుమార్, అంటే మా ఆయన, బెంగుళూరు స్నేహితుల దగ్గర "మా మిసెస్‌కి ఏదో హాబీ" అంటాడు. దొడ్డబళ్ళాపురంలో చుట్టాలకి మాత్రం ఆఫీసు ట్రైనింగ్ అని చెప్పాడు. అక్కడ వాళ్ళకి మగ్గాలున్నాయి, ఆ చీరలు బెంగుళూరు షాపులకి వేసేది ఈయనే. "కార్డ్స్ అంటే ఎవరికి అర్థమవుతాది పుష్పా? పేకాటనుకుంటారు. ఊర్లో మనకొక మర్యాద ఉండాది కదా." పోనివ్వడానికి ఒక షరతు కూడా పెట్టాడు. దీంతో ఆఖరు. సరేనన్నాను. గెలిచినవాళ్ళని వచ్చే ఏడు మళ్ళీ పిలుస్తారని మాత్రం చెప్పలేదు.

ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నావని స్టాన్లీ ఒకసారి అడిగాడు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఆఫీసు కిందే అతని కార్డుల షాపు. యూట్యూబ్‌లో అని అబద్ధమాడాను. నిజం ఏమిటంటే, మా కె.ఆర్.పురం ఇంట్లో హాలు చివర, వాషింగ్ మెషీన్‌కీ చెప్పుల స్టాండుకీ మధ్య ఒక మూల ఉంది. నెలనెలా మూడు రోజులు ఆ మూల నాది. ఒక చాప, ఒక పళ్ళెం, ఒక గ్లాసు. అక్కడ నేలమీద టైల్స్ తెలుపు నుంచి బూడిదరంగుకి మారతాయి. ఆ గీత నేను దాటకూడదు, ఎవరూ నన్ను తాకకూడదు. ఆఫీసుకి మాత్రం వెళ్ళిరావచ్చు. జీతానికి మైల లేదు. ఆ మూడు రోజుల జీతం వద్దని తీసి పక్కన పెట్టినవాళ్ళని నేను చూడలేదు.

మా రేణుక మూడో తరగతిలో ఉండగా ఈ కార్డులు కొనిపించుకుంది. ఆడటానికి రెండో మనిషి కావాలి. వాళ్ళ నాన్నకి తీరిక లేదు. వాళ్ళ అవ్వకి అది పేకాట. నాకు వంట, గిన్నెలు, ఆఫీసు, మళ్ళీ వంట. నెల మొత్తంలో ఆ మూడు రోజుల సాయంత్రాలే నేను ఇంట్లో ఊరికే కూర్చునే మనిషిని. కానీ నేను ముట్టుకున్న కార్డులు పిల్ల ముట్టుకోవచ్చా? దీని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఒక్కో కార్డుకీ ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంటుంది కాబట్టి చివరికి మా అత్తే తీర్పు చెప్పింది. "ప్లాస్టిక్కే కదా, నీళ్ళు చిలకరిస్తే పోతాది. చేతికి చెయ్యి మాత్రం తగలకూడదు. కింద పెట్టి తొయ్యండి."

రేణు స్కూలు బ్యాగులోంచి స్కేలు తెచ్చింది. నాకూ ఒకటిచ్చింది, నాది ఎర్రది. కార్డు కింద పెట్టడం, స్కేలుతో గీత అవతలికి తొయ్యడం. అది నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక కన్ను మూసి, గురి చూసి తోసేది. నేను ఓడిపోతే పడీపడీ నవ్వేది. అవమానపడటానికి కూర్చోబెట్టిన చోట నాకు సంతోషం దొరికింది. ఆ సంగతి ఎవరికైనా తెలిస్తే అదీ పోతుందని మొహం ముడుచుకుని కూర్చునేదాన్ని.

ఆ తర్వాత స్టాన్లీ షాపు అలవాటైంది. ఆఫీసులో నేను జీతాల లెక్కలు చూస్తాను. దాంతోపాటు ఎవరి పుట్టినరోజైనా కేకు కోసి పంచేదీ నేనే. నన్నెవరూ నియమించలేదు, చాకు మాత్రం నా చేతికే ఇస్తారు. "పుష్పా మేడమ్ కట్ చేస్తే అందరికీ ఈక్వల్‌గా వస్తుంది" అంటాడు మా మేనేజరు, అదో గొప్ప మెప్పు అయినట్టు. ఆరు దాటాక కిందకి దిగి షాపులో ఒక ఆట ఆడేదాన్ని. ఇంటికి ఫోన్ చేసి సిల్క్‌బోర్డు దగ్గర ట్రాఫిక్ అనేదాన్ని. బెంగుళూరు ఆడవాళ్ళకి ఇచ్చిన ఒకే ఒక్క వరం ట్రాఫిక్. ఎవరూ అనుమానించరు, పైగా పాపం అంటారు. ఆ మూడు రోజులు మాత్రం ట్రాఫిక్ కూడా పనికిరాదు, తిన్నగా ఇంటికొచ్చి మూలలో కూర్చోవాలి. అందుకని ఆ రోజుల్లో బయటివాళ్ళతో నేనెప్పుడూ ఆడలేదు. అదొక లోటని అప్పుడు తోచలేదు.

పోయిన ఎండాకాలం స్టాన్లీ షాపులో గెలిచాను, తర్వాత చెన్నైలో గెలిచాను, ఇంకేముంది, యోకోహామాలో జరిగే అంతర్జాతీయ పోటీకి రమ్మని పిలుపొచ్చింది. రేణు ఎగిరి నా మెడకి చుట్టుకుంది. "స్టేజి మీద నా పేరు చెప్పాల మా. నేనే నీకు నేర్పించిందని."

బయల్దేరేముందు హేమంత్‌ని ఒక్క మాట అడిగాను. పెళ్ళయ్యాక నేను గట్టిగా అడిగింది అదొక్కటేనేమో.

"రేణుకి పన్నెండు నిండినాయి. ఎప్పుడైనా పెద్దమనిషి కావచ్చు. దాన్ని ఆ మూలలో కూర్చోబెట్టొద్దు. నేను ఉన్నా, లేకపోయినా."

"వారంలో ఏం కాదు లేప్పా."

"అయితే?"

"అయితే కూర్చోబెట్టనీను. మాటిస్తా ఉండాను కదా. బేగ పడుకో."

నేను ఆ మూలలో కూర్చున్నాను, సరే. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఎదురుచెప్పే ధైర్యం లేదు, ధైర్యం వచ్చేసరికి అలవాటైపోయింది. నా కూతురు కూర్చోకూడదు. దానికి ఆ రోజు వస్తే పక్కన నేనుండాలి, ఎవరి మాటా దాని చెవిలో పడకముందే దాన్ని దగ్గరికి తీసుకోవాలి. గెలవాలన్న కోరిక కూడా నాకు దీని తర్వాతే.

యోకోహామాలో నాకు మొదట నచ్చింది దుకాణాల్లో డబ్బులిచ్చే పద్ధతి. చేతికివ్వరు. కౌంటర్ మీద చిన్న ట్రే ఉంటుంది, అందులో పెట్టాలి, చిల్లర కూడా అందులోనే పెడతారు. ఈ దేశంలో అందరికీ మూడు రోజులేనా అని నాలో నేను నవ్వుకున్నాను. రేణుకి చెప్పాలని ఫోన్ చేస్తే హేమంత్ ఎత్తి, ట్యూషన్‌కి పోయిందన్నాడు. మర్నాడు చేస్తే తలనొప్పని పడుకుందన్నాడు. ఆ మర్నాడూ ఏదో చెప్పాడు. "నువ్వు ఇంటి గురించి యోచన చేయొద్దు. ఆట మీద గమనం పెట్టు." ఆ మాటకి నేను పొంగిపోయాను. ఇన్నేళ్ళకి ఈ మనిషి నా ఆటని ఆట అన్నాడు కదా అని.

హాలు నిండా బల్లలు, వందల మంది. నా చొక్కాకి తగిలించిన బ్యాడ్జి మీద ఇంగ్లీషులో పుష్పావతి అని ఉంది. నా పేరుతో నాకు చిన్నప్పట్నుంచీ తంటానే. వ ముందు దీర్ఘం పోతే అది పుష్పవతి, అంటే ఈడేరిన పిల్ల. స్కూల్లో ఆ దీర్ఘం ఎగరగొట్టి ఏడిపించేవాళ్ళు. మా పెళ్ళికార్డులో కూడా ప్రెస్సువాడు దీర్ఘం మింగేశాడు, పెళ్ళివారంతా అదే పనిగా నవ్వుకున్నారు. హేమంత్ ఇప్పటికీ ఫోనులో నా పేరు దీర్ఘం లేకుండానే కొడతాడు. అడిగితే, ఎవరు చూస్తార్లే అంటాడు. ఇక్కడ మాత్రం మైకులో పిలిచిన అమ్మాయి ఒక్కో అక్షరం సాగదీసి, పుష్పా...వతీ అని, ఎంత దీర్ఘం కావాలంటే అంత పెట్టి పిలిచింది.

ఓడుతూ గెలుస్తూ, చివరి పదహారు మందిలోకి వచ్చాను. ఆ రోజు నా ఎదురుగా కూర్చున్నది జపాన్ ఆవిడే. నెరిసిన పొట్టి జుట్టు, నాకంటే పెద్దది. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళు పైకి పోతారు. ప్రతి ఆటకీ ముందు ఒక పద్ధతుంది. మన కట్ట కలిపి ఎదుటివాళ్ళ చేతికివ్వాలి. వాళ్ళు దాన్ని రెండుగా విడదీసి, పైది కిందకి మార్చి, మళ్ళీ మన చేతికివ్వాలి. కట్ చెయ్యడం అంటారు. నువ్వు మోసం చెయ్యలేదని నేను నమ్ముతున్నాను అని చెప్పడం అది. మొదటి ఆట ఆవిడ గెలిచింది. రెండోది నా తాబేలు గెలిపించింది. మూడో ఆటకి ముందు కొంచెం విరామమిస్తే బాత్రూముకి పోయాను. రావలసిన రోజుకి ముందే వచ్చేసింది.

బ్యాగులో ఏర్పాటు ఉంది, దానికేం. కానీ ఆ చల్లటి బాత్రూములో కూర్చుని ఒకటి తలుచుకున్నాను. వరలక్ష్మీ వ్రతానికి వాయిదా మాత్ర వేసుకున్నాను. ఆడపడుచు గృహప్రవేశానికి వేసుకున్నాను. తిరుపతికి పోయిన ప్రతిసారీ వేసుకున్నాను, మా అత్త గుర్తుపెట్టుకుని మరీ తెప్పించేది. నా ఆటకి ఒకటి వేసుకోవచ్చన్న ఊహ నాకే రాలేదు.

వచ్చి కూర్చున్నాను. ఆవిడ తన కట్టని రెండు చేతులతో పట్టుకుని, తల కొంచెం వంచి, నా ముందుకి చాపింది. నా చెయ్యి లేవలేదు.

నాకవన్నీ నమ్మకాలనుకునేరు. మైల అంటే నాకు లోపల నవ్వే. కానీ నవ్వేది నోరు, చెయ్యి కాదు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ రోజుల్లో ఎవరు ఏది అందించబోయినా నా చెయ్యి దానంతట అదే వెనక్కి పోతుంది. అంత పెద్ద హాల్లో, సముద్రాలు దాటొచ్చాక కూడా, అది వెనక్కే పోయింది. కింద పెట్టమని ఆవిడకి బల్ల చూపించాను. ఆవిడ కొంచెం తెల్లబోయి, పెట్టింది. స్కోరు రాసుకునే అట్ట ఒకటి నా పక్కనుంది. దాని అంచుతో కట్టలో పై సగాన్ని పక్కకి జరిపి, రెండు సగాల్నీ ఒకదాని వెంట ఒకటి ఆవిడ వైపుకి తోశాను. అచ్చం స్కేలుతో తోసినట్టే. ఒక్క కార్డు తొయ్యడం వేరు, కట్ట తొయ్యడం వేరని నాకు తట్టలేదు. ప్లాస్టిక్ కవర్లు సర్రున జారాయి. కార్డులన్నీ బల్లంతా పరుచుకున్నాయి, సగానికి పైగా వెల్లకిలా. ఆవిడ దాచుకున్నవన్నీ నాకు కనబడిపోయాయి.

ఆట మొదలుకాకముందే ఎదుటివాళ్ళ కార్డులు బయటపెడితే ఆ ఆట ఓడినట్టు లెక్క. రూలు. న్యాయమైన రూలే. చెవిలో వైరు పెట్టుకున్న జడ్జి కుర్రాడు వచ్చి, చేత్తో ఎందుకివ్వలేదని ఇంగ్లీషులో మర్యాదగా అడిగాడు. జపనీస్‌లోకి చెప్పడానికి ఇంకో అమ్మాయి నా నోటివంక చూస్తూ నిలబడింది. ఏమని చెప్పను? ఏ భాషలో చెబితే అది నిజమైన కారణంలా ఉంటుంది? సారీ అన్నాను. ఆవిడ వంగి నమస్కారం పెట్టింది, నేనూ వంగాను. చేతులు కలపాల్సిన పని లేదని ఆ క్షణాన హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

బయట మెట్లమీద కూర్చుని ఫోన్ తెరిచాను. కుటుంబం వాట్సాప్ గ్రూపులో హేమంత్ ఏదో పెట్టాడు. చుట్టూ గులాబీలు, మధ్యలో బంగారురంగు పెద్ద అక్షరాలు, పుష్పవతి. కింద అందరి పొగడ్తలు, శుభాకాంక్షలు, చప్పట్లు, పూలు. దీర్ఘం లేదు. ఎప్పుడూ ఉండదు కదా. చివరి పదహారులోకి వచ్చినట్టు ఇంటర్నెట్‌లో చూసుకున్నాడు, అందరికీ నిజం చెప్పేశాడు, నాకోసం కార్డు చేయించాడు అనుకున్నాను. ఓడిపోయినదాన్ని, ఏడుస్తున్నదాన్ని, ఆ మెట్ల మీద నాకంటే సంతోషంగా ఉన్న మనిషి అప్పుడు ఆ ఊళ్ళోనే లేదు. వేలితో తాకి పెద్దది చేశాను. "మా చిరంజీవి రేణుక" అని పైన చిన్న అక్షరాల్లో ఉంది.

దాని కింద ఫోటో. పట్టు లంగా, ఓణీ, నెత్తినిండా పూలు. చాప మీద కూర్చుంది. చాప కింద బూడిదరంగు టైల్స్. నేను విమానమెక్కిన మర్నాడే అయిందట.

ఫోన్ చేశాను. "మాటిచ్చావు కదా" అన్నాను.

"ఆడోళ్ళ విషయం పుష్పా, నేనేం చెప్పేది? అమ్మ సుమ్నె, ఊరికే ఉంటాదా? నీకు చెప్పింటే నీ ఆట పాడైపోతా ఉన్నింది. నీ మంచికే చెప్పలా. ఇయ్యాళకి నీ ఆట అయిపోయింటాదని గ్రూపులో పెట్టినా."

"రేణు ఏమంటోంది?"

"ఏమంటాది, బాగానే ఉండాది. కొత్త బట్టలు, నువ్వులుండలు. అందరూ అడుగుతా ఉండారు తల్లి ఎక్కడని. ట్రైనింగ్ అని చెప్తా ఉండాను, అంతే."

ఫోన్ పెట్టేశాను. అనాల్సినవన్నీ అక్కడే మెట్లమీద కూర్చుని, తెలియని మనుషుల మధ్య ఏడ్చాను.

ఇంటికి వచ్చేసరికి నా రోజులు అయిపోయాయి. తలుపు తీసిన మా అత్త మొహం వెలిగిపోతోంది. దొడ్డబళ్ళాపురంలో ఫంక్షన్‌కి హాలు మాట్లాడేశారు. పెట్టె లోపలికి లాగుతుంటే వెనక నుంచి అంది. "కూతురు పెద్దమనిషయ్యే పొద్దుకి తల్లి జపాన్‌లో పేకాడతా ఉండాది. ఎవురికి చెప్పుకునేది? నేను ఉండాను కాబట్టి సరిపోయె." అందులో కోపం కంటే గర్వం ఎక్కువ. పిల్లకి కొత్త చాప కొంది, తలంటి పోసింది, తన గొలుసు తీసి మెళ్ళో వేసింది. అంతా ప్రేమగానే చేసింది. కసితో చేసుంటే నేను కొట్లాడి గెలిచేదాన్నేమో.

రేణు మూలలో కూర్చుని ఉంది. వారంలో ఎంత మారిపోయింది! మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, ఓణీ కప్పుకుని, వీపు గోడకి ఆనించి కూర్చుంది. చెప్పులైనా విప్పకుండా దాని దగ్గరికి పరుగెత్తాను. అది రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అంటుకోవద్దు మా!"

"నేనే కదా రేణూ."

"వద్దు మా. నన్ను తాకితే నువ్వు మళ్ళీ తలకి పోసుకోవాల. అవ్వ చెప్పింది. ట్రావెల్ చేసి టైర్డ్‌గా ఉంటావు."

నా మీద దయతో అంది ఆ మాట. నేను గీత ఇవతలే కూలబడ్డాను. ఎప్పుడూ నేనుండే చోట అది, అదుండే చోట నేను. అది చాలా పద్ధతిగా, చుట్టాలొస్తే అడిగినట్టు అడిగింది.

"ఆట ఏమైంది మా?"

"ఓడిపోయినాను."

"తాబేలు రాలేదా?"

"తాబేలుదేం తప్పు లేదు. ఆమె కట్ట చేతికిస్తే నేను తీసుకోలేకపోయినాను. కింద పెట్టించి తోసినాను. పడిపోయింది."

రేణు అర్థమైనట్టే తలూపింది. "అప్పుడు నీకు ఆ మూడు రోజులా?" అంది. అవునన్నాను. "అయితే నువ్వు కరెక్టే చేసినావు మా" అంది నన్ను ఓదారుస్తూ.

మ్యాచ్ పోయినప్పుడు నాకు ఇంత నొప్పి లేదు. దానికి ఈ ఆట నేర్పించానని కాదు, అదే నాకు నేర్పించిందని ఇన్నాళ్ళూ మనసులో గొప్పగా చెప్పుకున్నాను. మరి స్కేలుతో తొయ్యడం దానికి ఎవరు నేర్పించారు? నెలనెలా ఎదురుగా కూర్చుని, నవ్వుతూ, ఒక ఆటలాగా, నేనే.

హ్యాండ్‌బ్యాగులోంచి నా కట్ట తీశాను. కలిపాను. ఆ జపాన్ ఆవిడ పట్టుకున్నట్టే రెండు చేతులతో పట్టుకుని, తల కొంచెం వంచి, గీత మీదుగా రేణు ముందుకి చాపాను.

"కట్ చెయ్."

వంటింట్లో మా అత్త గిన్నెలు సర్దుతున్న చప్పుడు. రేణు అటు చూసింది, నా చేతుల్ని చూసింది. ఒక్క క్షణం దాని వేళ్ళు కదిలాయనే అనుకున్నాను. తర్వాత పక్కనున్న స్కూలు బ్యాగులో చెయ్యి పెట్టి వెతికింది. ఎర్ర స్కేలు తీసింది.

"కింద పెట్టు మా" అంది మెల్లగా.

వెనక మా అత్త వచ్చి నిలబడింది. "ఏం జరుగుతా ఉండాది ఇక్కడ?" అంది. హేమంత్ గదిలోంచి "పుష్పా, ఇప్పుడెందుకు అవన్నీ" అన్నాడు. రేణు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, స్కేలు గీత దగ్గర ఆనించి పట్టుకునే ఉంది. "కింద పెట్టు మా, ప్లీజ్" అంది.

నేను కింద పెట్టలేదు.